కాటన్‌వుడ్‌లో వైన్ రుచి చూడబోయే మన ఊరి వాళ్ళకి

అమెరికాలో ఫీనిక్స్‌లో ఉన్న పిల్లల దగ్గరికి విజయనగరంలో మా వీధి నుంచే ఈ వేసవికి ముగ్గురు బయల్దేరుతున్నారు. "కాటన్‌వుడ్ వెళ్ళొచ్చావట కదా వదినా, అక్కడ ఎలా మసులుకోవాలి? తాగకపోతే ఏమైనా అనుకుంటారా?" అని అందరూ అడుగుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

కాటన్‌వుడ్ అరిజోనా రాష్ట్రంలో వైన్ తయారయ్యే ఊరు, ఫీనిక్స్ నుంచి ఉత్తరంగా కారులో రెండు గంటల లోపే. దారిలో స్తంభాల్లా నిలబడ్డ సగువారో జెముళ్ళు కనిపిస్తాయి, ఎత్తుకి వెళ్ళేకొద్దీ అవి మాయమైపోతాయి. ఊరు సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. పగలు ఎండ మాడ్చేసినా రాత్రికి చల్లబడుతుంది. ఆ చల్లదనానికే ద్రాక్షలో పులుపు నిలుస్తుంది. 2021లో ఆ ఊరున్న వెర్డే వ్యాలీ అనే లోయని అమెరికా ప్రభుత్వం ప్రత్యేక ద్రాక్ష ప్రాంతంగా గుర్తించింది. పాత బజారులో టేస్టింగ్ రూములన్నీ, అంటే వైన్ రుచి చూపించే చోట్లు, నడిచి తిరిగేంత దగ్గర్లో ఉంటాయి.

పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోండి. 21 ఏళ్ళు నిండాయని చూపించమంటారు, జుట్టు నెరిసినా సరే. కారు నడిపేవాళ్ళు చుక్క కూడా ముట్టకూడదు. మాకు ఆ పని అల్లుడు చూసుకున్నాడు. ఆ రోజుకి సెంటు రాసుకోకండి, జడలో మల్లెపూలు వద్దు. ఆ వాసన ముందు గ్లాసులోది ఏదీ తెలియదు, పక్కవాళ్ళకీ ఇబ్బంది.

'ఫ్లైట్' అని అడిగితే నాలుగైదు రకాలు కొద్దికొద్దిగా పోస్తారు, తెల్లవి ముందు, ఎర్రవి తర్వాత. నేను పొరపాటు చేసింది ఇక్కడే. విస్తట్లో మెతుకు వదలకూడదని పెరిగినదాన్ని, ఐదూ పూర్తిగా తాగేశాను, అదీ ఖాళీ కడుపుతో, మిట్టమధ్యాహ్నం. ఆ పొడిగాలికి సాయంత్రం దాకా తలనొప్పి. బల్ల మీద ఒక పాత్ర ఉంటుంది, మిగిలింది అందులో పారబోయడానికే. అక్కడ అది తప్పు కాదు, మర్యాదే. ముందు ఇడ్లీయో ఉప్మాయో తిని వెళ్ళండి, ఒక్కో రకానికీ మధ్య మంచినీళ్ళు తాగండి.

రుచి చూడటం మాత్రం తొందరపడి చెయ్యకండి. గ్లాసు కాడ పట్టుకుని మెల్లగా తిప్పి, ముక్కు లోపల పెట్టినంత పని చెయ్యండి. మాల్వాసియా అనే తెల్లది పోసినప్పుడు నాకు సాయంత్రం పూల బజారు గుర్తొచ్చింది, అంత మల్లె వాసన. సిరా అనే ఎర్రదాంట్లో, చారులో దంచి వేసిన మిరియాల ఘాటు. ఒక గుక్క తీసుకుని నోరంతా తిప్పండి. నాలుక, చిగుళ్ళు పట్టేసినట్టు ఉంటే వాళ్ళు దాన్ని 'టానిన్' అంటారు. కంగారుపడకండి, అది మన వగరే. నేరేడు పండు తిన్నాక నాలుక బిగుసుకుంటుందే, అదే. పోసే అమ్మాయికి నేను ఆ మాట చెబితే రెండు సార్లు పలికించుకుని 'వగరు' అని నేర్చుకుంది. పోసేవాళ్ళకి మట్టి గురించి, పంట గురించి అడగండి, చాలా ఇష్టంగా చెబుతారు. వెళ్ళేటప్పుడు టిప్పు ఇవ్వడం అక్కడి ఆనవాయితీ.

తాగనివాళ్ళు నిస్సంకోచంగా రావచ్చు. మావారు మంచినీళ్ళతోనే గంటసేపు కూర్చున్నారు, ఎవరూ ఏమీ అనలేదు.

ఓపికుంటే పక్కనే ఉన్న క్లార్క్‌డేల్ కూడా చూడండి. అక్కడ యావపై కాలేజీలో విద్యార్థులే ద్రాక్ష పండించి వైన్ చేస్తారు.

సీసా కొంటే చేతి సంచిలో పెట్టుకోకండి, ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు. పెద్ద పెట్టెలో వెయ్యండి. మన కస్టమ్స్ వాళ్ళు ఒక్కొక్కరికి 2 లీటర్ల వరకు సుంకం లేకుండా వదులుతారు. నేను రెండు సీసాల్నీ రెండు నేతచీరల్లో చుట్టి, పెట్టె మధ్యలో పెట్టాను. ఒక్కటీ పగలలేదు.