నాలుగు వెబ్ సర్వీసులు కలిపి ఆర్డర్ నడపాలంటే ఎలా ఎంచుకోవాలి?

మా పిన్ని పచ్చళ్ల సైటు నేనే చూస్తాను. ఆర్డర్ పడాలంటే పిన్‌కోడ్ సరిచూసేది, కొరియర్ ఛార్జీ చెప్పేది, డబ్బు తీసుకునేది, ఎస్సెమ్మెస్ పంపేది, ఇలా నాలుగు బయటి సర్వీసులు పలకాలి. మొదట్లో ఏది చవకైతే అది తగిలించేశాను, ఆవకాయ సీజన్‌లో అనుభవించాను.

ముందు ఒక కాగితం మీద వరస గీయండి. ఒక్కోటి 99 శాతం సమయం పనిచేస్తుందంటే బాగానే ఉందనిపిస్తుంది, కానీ నాలుగూ పలికితేనే ఆర్డర్ కాబట్టి 0.99ని నాలుగుసార్లు గుణించాలి: 0.96. వందలో నాలుగు ఆర్డర్లు మధ్యలోనే పోతాయన్నమాట. ఎస్సెమ్మెస్ కోసం ఆర్డర్ ఆగనక్కర్లేదు, దాన్ని క్యూలో పెట్టి తర్వాత పంపితే 97కి వస్తాం. పైసా ఖర్చు లేదు.

తర్వాత ఒక్కో సర్వీసు జవాబివ్వడానికి ఎంతసేపు పడుతోందో మీ సర్వర్ నుంచే కొలవండి, రద్దీ ఉండే సాయంత్రాలు కలిసేలా ఒక వారం. సగటు మాత్రం చూడకండి. ఐదు కాల్స్ (సర్వీసుని ఒక్కోసారి పిలవడం) 200, 210, 190, 220, 3000 మిల్లీసెకన్లు పడితే సగటు 764, ఆ 764 ఎవరికీ అనుభవంలోకి రాలేదు! వందలో 95 కాల్స్ ఎంతలోపు ముగిశాయో చూడండి.

ఇప్పుడు వడపోత. రీఫండ్ ఏపీఐ (మన కోడ్ నుంచే డబ్బు వెనక్కి పంపే దారి) లేని పేమెంటు సర్వీసు ఎంత చవకైనా పక్కన పెట్టేయండి. మిగిలినవాటికే మార్కులు: మెసేజ్‌కి 12, 16, 20 పైసలు అడిగేవాళ్లుంటే ధరలో వరసగా 1, 0.5, 0 వేసి, వేగానికీ నమ్మకానికీ అలాగే వేసి, మీకు ఏది ఎంత ముఖ్యమో ఆ బరువుతో గుణించి కూడండి. పేమెంటు దగ్గర నేనైతే సగానికి పైగా బరువు నమ్మకానికే ఇస్తాను.

కలిపేటప్పుడు ఒకదాని జవాబు ఇంకొకదానికి అక్కర్లేకపోతే రెండిటినీ ఒకేసారి పిలవండి. ప్రతిదానికీ టైమౌట్, అంటే జవాబు కోసం ఎంతసేపు చూసి వదిలేయాలో ఆ గడువు, పెట్టండి. కానీ పేమెంటుని గుడ్డిగా మళ్లీ పిలవొద్దు. నా కోడ్ ఐదు సెకన్లు చూసి రెండోసారి పిలిచేసింది, కాకినాడ నుంచి ఒకావిడ ఫోన్: "బాబూ, అరకిలో గోంగూరకి రెండుసార్లు డబ్బులు పోయాయి." ఇప్పుడు ముందు స్టేటస్ అడుగుతున్నాను, మళ్లీ పంపాల్సొస్తే అదే ఐడెంపొటెన్సీ కీతో (ఇది పాత చెల్లింపే, మళ్లీ డబ్బు తీసుకోవద్దని సర్వీసుకి తెలిపే గుర్తు) పంపుతున్నాను.

బ్యాకప్ సర్వీసు ఉంటే, రెండూ 99 శాతానివైనా, లెక్కలో 99.99 వస్తుంది. కాకపోతే రెండూ ఒకే డేటాసెంటర్‌ మీద నడుస్తుంటే కలిసే మునుగుతాయి, అడిగి తెలుసుకోండి. ఎస్సెమ్మెస్‌కి ఇంకో తిరకాసు, డీఎల్‌టీలో (వ్యాపార ఎస్సెమ్మెస్‌లని నమోదు చేసే టెలికాం వ్యవస్థ) ఆమోదం పొందిన టెంప్లేట్లు (మెసేజ్ నమూనాలు) రెండో సర్వీసులో కూడా ముందే ఎక్కించి ఉంచాలి. నెలకోసారి, ఆర్డర్లు తక్కువుండే పొద్దుటిపూట, మొదటిదాన్ని కావాలనే ఆపి చూస్తాను. మొదటిసారి ఆపినప్పుడు రెండోదాంట్లో బ్యాలెన్సే లేదు.