నీడ మాయమయ్యే మధ్యాహ్నం మిద్దెక్కండి

బెంగళూరులో ఫ్రెండ్స్‌తో ఉంటున్నవాళ్ళు ఏప్రిల్ 24, ఆగస్టు 18 తేదీలకి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. ఒక రోజు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. ఆ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారుగా ఉన్న వస్తువు నీడ దాని కిందే దాక్కుంటుంది. ఊరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది కాబట్టి ఏడాదికి రెండుసార్లు ఇది మనకి దక్కుతుంది. ఢిల్లీవాళ్ళకి ఒక్కసారి కూడా లేదు, పాపం!

టైమ్ ఏప్రిల్‌లో 12:17, ఆగస్టులో 12:23 ప్రాంతం. అరగంట ముందే మిద్దెక్కి, స్టీలు ఫ్లాస్కు నిలబెట్టి, ఐదు నిమిషాలకోసారి దాని నీడ చివర సుద్దముక్కతో గీత పెట్టండి. గీతలు ఒక్కొక్కటే ఫ్లాస్కు వైపు జరిగి దాని అడుగున కలిసిపోతాయి.

వంటింట్లోంచి చిల్లుల గిన్నె కూడా తెచ్చుకోండి. నేలకి కాస్త ఎత్తున పట్టుకుంటే కింద గుండ్రటి వెలుగు చుక్కలు పడతాయి, ఒక్కొక్కటీ ఒక బుల్లి సూర్యబింబం. ఒకరు గిన్నె కదలకుండా పట్టుకుంటే మిగతావాళ్ళు చుక్కలు కలుపుతూ ముగ్గు వేసేయొచ్చు. నాకైతే అన్నిటికన్నా ఇదే ఇష్టం.

దమయంతి స్వయంవరంలో నలుడి రూపంలో వచ్చిన దేవతలకి నీడ లేదు, నలుడికి ఉంది. ఆ నిమిషంలో మీ గ్యాంగ్‌లో నలుడెవరో కనిపెట్టమని పందెం కాయండి. సూర్యుణ్ణి మాత్రం నేరుగా చూడొద్దు, టోపీ మర్చిపోవద్దు.