మూలనపడ్డ పాత కారు కొని, ఇంటిదాకా నడుపుకుంటూ తెచ్చుకోవడం ఎలా?

మన రాయలసీమ ఊళ్లలో ఏ రేకుల షెడ్డులోనో, వేరుశనగ బస్తాల పక్కనో టార్పాలిన్ కప్పుకున్న ప్రీమియర్ పద్మినో అంబాసిడరో ఇప్పటికీ కనిపిస్తుంది. అమ్మేవాళ్లు చెప్పే మాట ఎక్కడైనా ఒకటే: "బండి బంగారం సామీ, బ్యాటరీ ఒకటి వేస్తే చాలు." కొనడానికి వెళ్లినవాళ్లు అడిగేదీ ఒకటే: "స్టార్ట్ అవుతుందా?" నన్నడిగితే అది రెండో ప్రశ్న. మొదట అడగాల్సింది బండి ఆగుతుందా అని.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. నా మొదటి అంబాసిడర్‌ను రాయచోటి వైపు నుంచి కడపకు తెచ్చుకున్నాను. ఇంజిన్ దారి పొడుగునా ఎక్కడా మొరాయించలేదు. గువ్వలచెరువు ఘాట్ దిగుతుంటే రెండో మలుపులో బ్రేకు పెడల్ నేలకు తగిలింది. రెండో గేరు వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, కొండ వైపు మట్టిలోకి దించితే ఆగింది. దిగి చూస్తే వెనక చక్రం లోపలి వైపంతా తడి. చక్రం దగ్గర బ్రేకును నెట్టే వీల్ సిలిండర్ రబ్బరు చిట్లి బ్రేక్ ఆయిల్ మొత్తం కారిపోయింది. బయలుదేరే ముందు ఒక మెకానిక్ బ్రేకులు బాగున్నాయని చెప్పాడు గానీ, చక్రం లోపలి బ్రేకు డ్రమ్ము విప్పి చూడలేదు. విప్పమని నేనూ అడగలేదు.

చూడటానికి వెళ్లినప్పుడు

పగటిపూట వెళ్లండి. టార్చిలైటు, చిన్న అయస్కాంతం, పాత దుప్పటి, చేతులకు మందపాటి గ్లవ్స్ తీసుకెళ్లండి. బానెట్, డిక్కీ తెరిచేటప్పుడు చెయ్యి నేరుగా లోపలికి పెట్టకండి. ముందు కర్రతో తట్టండి. ఏళ్ల తరబడి కదలని బండిలో ఎలుకలుంటాయి, ఎలుకల వెంట పాములు వస్తాయి. సీట్ల కింద తేళ్లు ఉండటం మన దగ్గర మామూలే.

మన ప్రాంతం పొడి నేల కాబట్టి సముద్రం ఒడ్డు ఊళ్ల బండ్లతో పోలిస్తే ఇక్కడి బండ్ల రేకు నయం. అనంతపురం, కర్నూలు బండ్లకు ఉన్న గొప్ప సుగుణం అదే. అదే ఎండ రబ్బరును మాత్రం బతకనివ్వదు. డోర్ల బీడింగు, రేడియేటర్ హోసులు, ఫ్యాన్ బెల్టు, ఇంజిన్ మౌంటింగులు, బ్రేకు రబ్బర్లు ఎండి పెళుసవుతాయి. పైకి నల్లగా నిగనిగలాడే హోసును వేళ్లతో వంచి చూడండి. సన్నని పగుళ్లు కనిపిస్తే మిగతా రబ్బరు సామాను కూడా అదే స్థితిలో ఉందనుకోవాలి.

తుప్పు కోసం ఫుట్‌మ్యాట్ల కింద ఫ్లోరు, డోర్ల అడుగు అంచులు, బ్యాటరీ కింద ప్లేటు, డిక్కీలో స్టెప్నీ కింద భాగం, జాకీ పెట్టే చోటు చూడాలి. అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి రేకు మీద నడిపించండి. పట్టు జారిన చోట పెయింటు కింద పుట్టీ ఉంది. డోరు మీద కాస్త పుట్టీ ఉంటే టింకరింగ్‌తో పోతుంది. వెనక ఇరుసును మోసే కమాన్ కట్టలు బిగించే చోటగానీ, ఫ్లోరు మోసే బీములగానీ తుప్పు తినేసి ఉంటే ఆ బండిని వదిలేయండి, ఎంత ముద్దొచ్చినా సరే.

సామాన్ల సంగతి కూడా అక్కడే ఆలోచించుకోవాలి. అంబాసిడర్ 2014 దాకా తయారైంది కాబట్టి సామాన్లు ఇంకా దొరుకుతాయి. పద్మినికీ వెతికితే దొరుకుతాయి. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ 1971తోనే ఆగిపోయింది. దాని కోసం తిరిగే ఓపిక ఉంటేనే ముట్టుకోండి.

ధర మాట్లాడే ముందే కాగితాలు

పదిహేనేళ్లు దాటిన కారును తుక్కుకు వేయాల్సిందేనని చాలామంది అనుకుంటారు. ఢిల్లీ చుట్టుపక్కల నియమాలు విని కలిగిన భయం అది. మన దగ్గర సొంత కారు ఆర్‌సీ మొదట 15 ఏళ్లు చెల్లుతుంది. తర్వాత ఫారం 25 పెట్టి, బండి చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. ఫీజు మాత్రం పెరిగింది. 2022 ఏప్రిల్ నుంచి రూ.5,000 అయింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు రూ.10,000 చేశారు. ఆలస్యమైతే నెలకు రూ.500 అదనం. అంటే రెన్యువల్ నాలుగేళ్లు వెనకబడితే ఆలస్యం రుసుమే రూ.24,000 అవుతుంది. ఆర్‌సీ గడువు ఎప్పుడు తీరిందో తెలియకుండా ధర మాట్లాడకూడదని అందుకే అంటున్నాను. ఆర్టీవో ఆఫీసుకు వెళ్లి మొత్తం ఎంతవుతుందో లెక్క వేయించుకుని, ఆ తర్వాతే బేరానికి కూర్చోండి.

ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిపోవాలి. కిరోసిన్ గుడ్డతో మురికి తుడిచి, తెల్ల కాగితం ఆనించి, పెన్సిల్‌ను అడ్డంగా పట్టుకుని మెల్లగా రుద్దండి. నంబరు కాగితం మీద తేలుతుంది. ఎలాగూ ఆఫీసులో ఈ ప్రింటు అడుగుతారు. అంకెల్లో ఒకటి పక్కకు ఒరిగినా, చుట్టూ రేకు గీకినట్టున్నా అక్కడితో ఆపేయండి.

ఏపీ 02, ఏపీ 04, ఏపీ 21 నంబర్లు రాకముందు నాటి పాత నంబరు బండ్లకు ఆర్‌సీ పుస్తకం రూపంలోనే ఉంటుంది. వాటి వివరాలు ఆన్‌లైన్‌లోకి ఎక్కాయో లేదో ముందే కనుక్కోండి. ఎక్కకపోతే ఆ పని అమ్మే ఆయన పేరు మీద ఉండగానే చేయించడం తేలిక. బళ్లారి నుంచి వచ్చిన కేఏ 34 బండైతే అభ్యంతరం లేదని అక్కడి ఆఫీసు ఇచ్చే ఎన్‌ఓసీ, అంటే ఫారం 28 కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కూడా కట్టాలి. ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు ఉండిపోతే ఫారం 35తో తీయించాలి.

అసలు చిక్కు, యజమాని చనిపోయిన బండ్లతో. కొడుకు సంతకం పెడతానంటాడు, తాళాలూ ఇస్తాడు. ఆర్‌సీ తండ్రి పేరు మీదే ఉంటే ఆ సంతకం చెల్లదు. ముందు వారసులు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెచ్చుకుని ఫారం 31 ద్వారా తమ పేరుకు మార్చుకోవాలి. ఆ తర్వాతే మీ పేరుకు మార్చే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు. అక్కచెల్లెళ్ల సమ్మతి కూడా అడగండి. కారు మీద తగాదా ఉండదులే అనుకుంటాం గానీ, నాన్న నడిపిన కారు అంటే ఇంట్లో అందరికీ మమకారమే.

యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న కారుకు 2021 నియమాల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు. ఫీజు రూ.20,000, పదేళ్లు చెల్లుతుంది. అలా చేయిస్తే రోజూ తిప్పడానికి వీల్లేదు. బండిని వాడుకోవాలనుకునేవాళ్లకు మామూలు ఆర్‌సీయే మేలు.

డబ్బు ఇచ్చేటప్పుడు డెలివరీ నోటు రాయించుకోండి. తేదీతో పాటు టైము కూడా ఉండాలి. ఆ నిమిషం ముందు జరిగినదానికి వాళ్లు, తర్వాత జరిగినదానికి మీరు బాధ్యులు. పాత చలానాలు ఏమైనా ఉన్నాయేమో అప్పుడే చూసుకోండి.

నడిపి తేవాలంటే చెల్లే ఆర్‌సీ, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ మూడూ చేతిలో ఉండాలి. ఒక్కటి తక్కువైనా బండిని ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించి తెచ్చుకోండి. దగ్గరే కదా అని ఇన్సూరెన్స్ లేకుండా బయలుదేరితే, దారిలో ఎవరికైనా తగిలినప్పుడు వాళ్లకు మనం ఏమిచ్చుకోగలం?

బ్రేకులు

కనీసం రెండు రోజులు బండి ఉన్న చోటికే మెకానిక్‌ను తీసుకెళ్లండి. ఇంజిన్ ముట్టుకోకముందే నాలుగు చక్రాలూ విప్పించండి. ఈ పాత కార్లలో చాలావాటికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. చాలావాటిలో బ్రేకు లైను అంతా ఒకటే సర్క్యూట్. ఎక్కడ ఒక్క చోట కారినా నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది.

డ్రమ్ము తీశాక వీల్ సిలిండర్ చివరన ఉండే రబ్బరు టోపీని స్క్రూడ్రైవర్‌తో కొద్దిగా పైకెత్తి చూడండి. లోపల పొడిగా ఉండాలి. చెమ్మ తగిలితే ఆ సిలిండర్ అయిపోయినట్టే. నా మాట వింటే, పొడిగా ఉన్నా సరే నాలుగు చక్రాల రబ్బరు కిట్లూ, పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్ కిట్టూ కొత్తవి వేయించండి. రబ్బరు బ్రేకు పైపులు మూడూ మార్చేయండి. అవి లోపల ఉబ్బితే పెడల్ వదిలినా బ్రేకు వదలదు, చక్రం కాలిపోతుంది. పాత బ్రేక్ ఆయిల్ పూర్తిగా వదిలించి కొత్తది పోయాలి. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. ఘాట్‌లో వేడెక్కినప్పుడు ఆ నీరు ఆవిరై పెడల్ మెత్తబడుతుంది.

బ్రేకు లైనులో చేరిన గాలి తీయడం అయ్యాక డ్రైవర్ సీట్లో కూర్చుని పెడల్‌ను బలంగా తొక్కి, నిమిషం పాటు అలాగే పట్టుకోండి. రాయి మీద కాలు పెట్టినట్టు ఉండాలి. పాదం కింద మెల్లగా, గుర్తు పట్టలేనంత మెల్లగా దిగుతుంటే ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ పట్టడం లేదు. అది తేలే దాకా బండి కదలకూడదు. హ్యాండ్ బ్రేకును వాలు మీద పెట్టి పరీక్షించండి. నన్ను ఆ రోజు కాపాడింది అదే.

ఇంజిన్, పెట్రోలు, టైర్లు

కొత్త బ్యాటరీ తగిలించి వెంటనే సెల్ఫ్ కొట్టొద్దు. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున ప్లగ్గులు బిగించకుండానే చేత్తో తిప్పండి. పాత అంబాసిడర్‌కైతే హ్యాండిల్ వేసి తిప్పొచ్చు. బిగుసుకుంటే బలవంతం చేయకండి, ఇంకాస్త ఆయిల్ పోసి ఇంకో రోజు ఆగండి. స్వేచ్ఛగా తిరిగాక ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్, కూలెంట్ మార్చి, ప్లగ్గులకు స్పార్కు అందించే సీబీ పాయింట్లు శుభ్రం చేసి అప్పుడు స్టార్ట్ చేయండి.

ట్యాంకులో పాత పెట్రోలు జిగురులా మారి వార్నిష్ వాసన కొడుతుంది. ట్యాంకు దించి కడిగించాల్సిందే. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఆనాటి రబ్బరు పైపులు, పంపులోని పల్చటి పొర (డయాఫ్రం) దీనికి తట్టుకోవు. పైపులన్నీ ఇథనాల్‌కు ఆగే రకానివి వేయించండి. ట్యాంకుకు గాలి వెళ్లే దారిలో కందిరీగలు మట్టి గూడు కట్టి ఉంటే బండి రెండు మూడు కిలోమీటర్లు నడిచి ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో ఎవరికీ అంతుపట్టదు. అందుకే అదొకసారి ఊది చూడండి.

టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2314 అంటే 2014లో 23వ వారం. పదేళ్లు దాటినవి గుండీలు (ట్రెడ్) నిండుగా ఉన్నా పనికిరావు. అంబాసిడర్‌కు 5.90-15, పద్మినికి 5.20-14 సైజు. ఊళ్లో దొరక్కపోవచ్చు, ముందే తెప్పించుకోండి.

దారి, టైము

ఏప్రిల్, మే నెలల్లో తేవొద్దు. నవంబరు నుంచి జనవరి దాకా మంచి కాలం. తెల్లవారగానే బయలుదేరి ఎండెక్కేలోపు ఇల్లు చేరేలా చూసుకోండి. ఈ కార్ల పెట్రోలు పంపు ఇంజిన్‌కే బిగించి ఉంటుంది. వేడికి పెట్రోలు పంపులోనే ఆవిరైతే బండి ఉన్నచోటే నిలబడుతుంది. అప్పుడు పంపు మీద తడిగుడ్డ వేసి పావుగంట ఆగితే మళ్లీ లాగుతుంది.

కర్నూలు నుంచి అనంతపురం దాకా 44వ నంబరు హైవే సాఫీగా ఉంటుంది, కానీ చుట్టూ వంద మీద పోయే బండ్లు. యాభై మీద వెళ్లే పాత కారును వెనకవాళ్లు చివరి క్షణం దాకా గమనించరు. ఎడమ అంచునే వెళ్లండి, బ్రేక్ లైట్లు, ఇండికేటర్లు ముందే సరి చూసుకోండి. కర్నూలు నుంచి కడపకు నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా దారి దాదాపు చదునే. ప్రతి ఊళ్లోనూ మెకానిక్ దొరుకుతాడు. పాత బండికి నాకు అన్నిటికన్నా నచ్చిన దారి అదే.

వెనక ఇంకో కారు రావాలి. అందులో మెకానిక్ ఉంటే మరీ మంచిది. పది లీటర్ల నీళ్లు, బ్రేక్ ఆయిల్, ఇంజిన్ ఆయిల్, ఫ్యాన్ బెల్టు, ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సర్, హోసు క్లిప్పులు, వైరు, టేపు, జాకీ, మోకు, మంటలార్పే సిలిండర్ పెట్టుకోండి.

మొదట ఊళ్లోనే రెండు కిలోమీటర్లు తిప్పి ఆపి, కిందికి తొంగి చూడండి. తర్వాత పది కిలోమీటర్లకు, ఆపైన ఇరవైకి ఒకసారి ఆగండి. ఆగిన ప్రతిసారీ నాలుగు చక్రాల మధ్య భాగం దగ్గరికి అరచెయ్యి తీసుకెళ్లండి. నాలుగూ ఒకే వెచ్చదనంతో ఉండాలి. ఒక్కటి సెగ కొడుతుంటే అక్కడ బ్రేకు పట్టేస్తోంది, లేదా బేరింగ్ పోతోంది. రేడియేటర్ మూత వేడి మీద తెరవొద్దు.

ఘాట్ ఉంటే, ఏ గేరులో ఎక్కాలో ఆ గేరులోనే దిగాలి. న్యూట్రల్ చేయకండి, బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకండి. గువ్వలచెరువు వైపు నుంచి వస్తుంటే పాలకోవా కోసం ఎలాగూ ఆగుతారు. చక్రాలు అక్కడే ఓసారి చూసుకుని, పెడల్ తొక్కి పట్టుకుని, గట్టిగా ఉంటేనే దిగడం మొదలుపెట్టండి.

ఇంటికి చేరాక

ఫారం 30 ముప్పై రోజుల్లోపు పెట్టాలి. ఆఫీసులో బండిని చూసే అధికారిని మనవాళ్లు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే పిలుస్తారు, ఆయన మొదట చూసేదీ బ్రేకులే.

ఆ రాత్రి బండి కింద పెద్ద అట్టపెట్టెను విప్పి పరవండి. ఏ చక్రం ఎక్కడుందో పెన్నుతో గుర్తు పెట్టండి. పొద్దున్నే అట్ట బయటికి లాగి చూడండి. మధ్యలో నల్ల చుక్కలుంటే ఇంజిన్ ఆయిల్. వాటికి కాస్త వెనక చిక్కగా జిగురుగా ఉంటే గేర్‌బాక్స్. ముందు వైపు పచ్చగా ఉంటే కూలెంట్. వీటికి తొందర లేదు, ఆదివారం దాకా ఆగొచ్చు. చక్రాల గుర్తుల దగ్గర రంగు లేని తడి కనిపిస్తే మాత్రం మెకానిక్ వచ్చి ఆ డ్రమ్ము విప్పే దాకా తాళం ఎవరికీ ఇవ్వకండి.