పాత ఫ్రెంచ్ పుస్తకాలు కొనాలంటే: బరంపురం నుంచి నా పద్ధతి

పాత ఫ్రెంచ్ పుస్తకాలు సేకరించాలనుకునే మనవాళ్లకి నేను ముందుగా చెప్పేది, మీ చేతికి తెలిసిన పని గురించిన పుస్తకాలు కొనమని. మాది బరంపురం, దేవాంగుల ఇల్లు. మగ్గం చప్పుడులో పెరిగాను. అందుకే నా అలమారాలో ఉన్నవన్నీ నేత, అద్దకం, బట్టల వ్యాపారం గురించి 1700ల్లో ఫ్రెంచ్‌లో అచ్చయినవే. పేరున్న రచయితల తొలి ముద్రణల వెంట పడితే ప్యారిస్‌లో తరతరాలుగా అదే వ్యాపారంలో ఉన్నవాళ్లతో పోటీ పడాలి. అక్కడ మనం గెలవలేం. కరక్కాయ గురించో, ఎర్రరంగు ఇచ్చే చిరివేరు గురించో రాసిన పేజీ కనిపిస్తే దాని విలువ వాళ్లకంటే మనకే బాగా తెలుస్తుంది.

బట్టల గురించి ఫ్రెంచ్‌వాళ్లు అంత రాయడానికి కారణం ఉంది. మన తీరం నుంచి వెళ్లిన అద్దకపు బట్టల మీద అక్కడి జనానికి మోజు పెరిగింది. దాంతో 1686లో ఫ్రాన్స్ రాజు వాటిని నిషేధించాడు. ఆ నిషేధం 1759 దాకా నడిచింది. ఈ మధ్యకాలంలోనే మన రంగుల రహస్యం పట్టుకోవాలని చాలామంది ప్రయత్నించారు. నిషేధం ఎత్తేశాక అద్దకం నేర్పే పుస్తకాలు వచ్చాయి. 1760లో 'త్రేతే స్యుర్ లే త్వాల్ పెంత్', 1770లో దెలోర్మ్వా రాసిన 'లార్ ద ఫేర్ లెందియెన్' అలాంటివే.

మొదటి పుస్తకంగా ఏది కొనాలని అడిగితే నేను చెప్పేది జెసూయిట్ అనే క్యాథలిక్ సంఘపు ఫాదరీల ఉత్తరాల సంకలనం, 'లెత్ర్ ఎదిఫియాంత్ ఎ క్యూరియోజ్'. 1702 నుంచి 1776 దాకా 34 సంపుటాలుగా వచ్చింది. అన్నీ చేతిలో పట్టే చిన్న పుస్తకాలు. 1743లో వచ్చిన 26వ సంపుటంలో ఫాదర్ కేర్దూ ఉత్తరం ఉంది. ఆయనకి తెలుగు బాగా వచ్చు. కొత్తగా క్రైస్తవం తీసుకున్న అద్దకం పనివాళ్లని అడిగి, బట్టని కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచడం దగ్గర్నుంచి ఒక్కో మెట్టూ రాసుకున్నాడు. ఆ భాగం తెలుగులో చెబుతుంటే మా పిన్ని మధ్యలోనే అందుకుని, "కరక్కాయ పడకపోతే రంగు నిలుస్తుందేటి!" అంది. ఇలాంటి పుస్తకం దొరికితే వదలకండి.

ఇక్కడ ఒక చిక్కుంది. ఈ ఉత్తరాలనే 1780 నుంచి 1783 వరకు 26 సంపుటాల్లో, దేశాలవారీగా మార్చి మళ్లీ అచ్చు వేశారు. అందులో 26వ సంపుటం కొంటే మీకు కావలసిన ఉత్తరం ఉండదు. అమ్మేవాడు '26వ సంపుటం' అని మాత్రమే రాస్తే, టైటిల్ పేజీ ఫొటో చూసేదాకా డబ్బు పంపకండి. ఇంకో మంచి సంగతి ఏమిటంటే, సెట్టు నుంచి విడిపోయిన సంపుటాలంటే పెద్ద సేకర్తలకి ఆసక్తి తక్కువ. వాటిని 'దెపారేయే' అంటారు. ఆ మాట కనిపించిన చోటల్లా ఆగి చూడండి. మామూలు పట్టుచీర ధరకే కావలసిన సంపుటం దొరకొచ్చు.

కొనే ముందు చదవండి. ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వాళ్ల గాలికా వెబ్‌సైట్‌లో ఈ పుస్తకాలు చాలావరకు ఉచితంగా ఉన్నాయి. మీరు కొనబోయే ముద్రణనే అక్కడ తెరిచి ఎన్ని పేజీలున్నాయో, ఎన్ని బొమ్మలున్నాయో, చివర ఏముందో కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం దగ్గర లేకుండా బేరానికి దిగొద్దు. ఫ్రెంచ్ రాదని టెన్షన్ పడక్కర్లేదు. నేను ఈ పుస్తకాల కోసమే కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. ఒకే రకం పుస్తకాలు చదువుతుంటే అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి. వెతికేటప్పుడు మాత్రం మన ఊళ్ల పేర్లు అన్ని స్పెల్లింగుల్లోనూ కొట్టి చూడాలి. మచిలీపట్నం ఒకచోట ఎస్‌తో, ఇంకోచోట జెడ్‌తో ఉంటుంది. శ్రీకాకుళాన్ని చికాకోల్ అనీ, యానాన్ని యనాఓన్ అనీ రాశారు.

ఇక టైటిల్ పేజీ. సంవత్సరం రోమన్ అంకెల్లో ఉంటుంది. ఫ్రెంచ్ విప్లవం తరవాత కొన్నేళ్లపాటు 'ఆన్' (సంవత్సరం) అని రాసి పక్కన అంకె వేశారు. ఆ లెక్క 1792 సెప్టెంబరు 22 నుంచి మొదలవుతుంది. 'ఆన్ 7' అంటే 1798-99. ఆమ్‌స్టర్‌డామ్ అనో లండన్ అనో వేసి ఉంటే అక్కడే అచ్చయిందని నమ్మేయకండి. రాజుగారి సెన్సారుకి దొరక్కుండా ఫ్రాన్స్‌లోనే అచ్చు వేసి పరాయి ఊరి పేరు పెట్టడం మామూలే. అక్షరాలు కూడా చూడండి. పాత అచ్చులో మాట మధ్య వచ్చే ఎస్, ఎఫ్‌లా పొడుగ్గా ఉంటుంది. 'ఎతే' (ఉండేది) లాంటి క్రియల చివర ఓ-ఐ అక్షరాలు కనిపిస్తే అది పాత స్పెల్లింగు. ఫ్రెంచ్ అకాడమీ 1835 నిఘంటువులో దాన్ని ఎ-ఐగా మార్చింది. 1743 అని చెప్పిన పుస్తకంలో కొత్త స్పెల్లింగే నిండుగా ఉంటే అనుమానించండి.

అన్నిటికంటే ముఖ్యం పుస్తకం పూర్తిగా ఉందా లేదా అన్నది. పేజీల నంబర్లని నమ్ముకోకండి, అప్పటి అచ్చులో అవి తప్పుగా పడటం మామూలు. పేజీ అడుగున ఎ, బి, సి అంటూ అక్షరాలు ఉంటాయి. బైండు చేసేవాడికి, మడిచి కుట్టే కాగితాల కట్టల వరస తెలియడానికి వేసినవి అవి. ఆ వరసలో జె, యు, డబ్ల్యూ ఉండవు, కాబట్టి ఐ తరవాత కె వస్తే కట్ట పోయిందని కంగారు పడకండి. కట్ట చివరి పేజీలో కింద ఒక మాట విడిగా ఉంటే, తరవాతి పేజీ ఆ మాటతోనే మొదలవ్వాలి. అచ్చు వేయడానికి రాజుగారిచ్చిన అనుమతి పత్రం తరచుగా పుస్తకం చివర ఉంటుంది. చిరిగిపోయేది కూడా ఎక్కువగా అదే.

బొమ్మలున్న పుస్తకాల్లో ఇంకా జాగ్రత్త కావాలి. సొనెరా అనే ఫ్రెంచ్ యాత్రికుడు 1782లో అచ్చు వేసిన ఇండియా యాత్రా పుస్తకంలో 140 చెక్కుడు బొమ్మలున్నాయి. మన పనివాళ్లు, దేవుళ్లు, పనిముట్లు అన్నీ అందులో కనిపిస్తాయి. ఇలాంటి పుస్తకాలని విప్పేసి ఒక్కో బొమ్మనీ ఫ్రేము కట్టి అమ్ముతారు. అది చూస్తే నాకు కడుపు మండుతుంది. అలా విప్పిన బొమ్మలు నేను కొనను, మిమ్మల్నీ కొనొద్దనే అడుగుతాను. మనం కొంటున్నంత కాలం ఇంకో పుస్తకం విప్పుతూనే ఉంటారు.

అమ్మేవాళ్ల వివరణలో కొన్ని మాటలు గుర్తుపెట్టుకోండి. బజాన్ అంటే గొర్రె తోలు, వో అంటే దూడ తోలు, మారొకాన్ అంటే మేక తోలు. ధర కూడా దాదాపు అదే వరసలో పెరుగుతుంది. రూసేర్ అంటే కాగితం మీద గోధుమరంగు మచ్చలు, మూయ్యూర్ అంటే తడిసిన మరక. ఈ రెండూ నేను సర్దుకుంటాను. మాంక్ అన్న మాట కనిపిస్తే మాత్రం ఏదో లేదని అర్థం. ఏం లేదో రాతపూర్వకంగా అడగండి. "ఎతిల్ కొంప్లే?" (పూర్తిగా ఉందా?) అని మెయిల్‌లో ఒక్క ముక్క రాస్తే చాలు, మంచి వ్యాపారి బదులిస్తాడు. స్లామ్ అనే ఫ్రెంచ్ పుస్తక వ్యాపారుల సంఘంలో సభ్యుడైతే ఇంకా నమ్మకం. వేలంలో పాడాలనుకుంటే, పాట మీద కమీషను నూటికి 25 నుంచి 30 దాకా పడుతుందని ముందే లెక్క వేసుకోండి.

చేతిరాత ప్రతుల దారి వేరు. బట్టల మీద గొప్ప రాతప్రతులు ఇప్పటికే గ్రంథాలయాల్లో ఉన్నాయి. ఫ్రెంచ్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి జార్జ్ రోక్ 1678 ప్రాంతంలో రాసింది ప్యారిస్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఉంది. బోల్యూ అనే నావికుడు పాండిచ్చేరిలో ఒక్కో దశలో బట్ట ముక్క కత్తిరించి అతికించిన ప్రతి, ప్యారిస్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఉంది. మన చేతికి అందేవి వ్యాపారుల ఉత్తరాలు, సరుకుల జాబితాలు. ఫ్రాన్స్‌లోని లోరియాన్ రేవులో ఆ కంపెనీ వేలం వేసిన సరుకుల పట్టీల్లో సాలెంపూరీలనే నూలు బట్టలు, మచిలీపట్నం రుమాళ్లు కనిపిస్తాయి. కొనే ముందు ఎవరి ఇంటి నుంచి వచ్చిందో అడగండి. ఏదైనా ప్రభుత్వ ఆఫీసు ముద్రగానీ, గీకేసిన ముద్రగానీ ఉంటే వదిలేయండి. అది రికార్డు గది నుంచి బయటికి వచ్చినది కావచ్చు. యానాంలో పాత ఇళ్ల దస్తావేజులు అమ్మకానికి వస్తే కట్టని విడదీయకండి. ఒక ఇంటి కాగితాలు ఒక్కచోట ఉంటేనే వాటికి అర్థం.

మన చట్టం కూడా తెలుసుకోవాలి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక విలువ ఉన్న 75 ఏళ్లు దాటిన రాతప్రతి పురావస్తువు కిందికి వస్తుంది. దాన్ని మనంతట మనం దేశం బయటికి పంపకూడదు. అందుకే బయటినుంచి తెప్పించిన ప్రతి కాగితానికీ ఇన్వాయిస్, కస్టమ్స్ రసీదు దానితోపాటే ఒక కవరులో పెడతాను. ఫ్రాన్స్ నుంచి రాతప్రతి పంపడానికి అనుమతి కావాల్సి రావచ్చు. అది తెచ్చే బాధ్యత అమ్మేవాడిదేనని ముందే రాయించుకోండి. పార్సిల్ మీద 'పాత అచ్చు పుస్తకం' అనీ, అచ్చయిన సంవత్సరం, నిజమైన ధర వేయమనండి. ధర తగ్గించి రాస్తే, పార్సిల్ పోయినప్పుడు బీమా సొమ్ము కూడా అంతే వస్తుంది.

తెచ్చాక దాచడం మన ప్రాంతంలో పెద్ద పని. గోపాలపూర్ నుంచి వచ్చే ఉప్పుగాలికి బరంపురంలో వానాకాలం తోలు బూజు పడుతుంది. అలమారాని గోడకి ఆనించకండి, వెనక చెయ్యి పట్టేంత ఖాళీ వదలండి. 1700ల కాగితం పాత నార గుడ్డలతో చేసింది, అది మనకంటే గట్టిది. పాడయ్యేది అట్ట, కుట్టు, జిగురు. ఎండలో పెట్టొద్దు, ఫ్యాను గాలి చాలు. వేపాకు, వస కొమ్ము పెట్టాలనుకుంటే పలచని గుడ్డలో మూట కట్టి అర మూలన పెట్టండి. ఆకు నేరుగా కాగితానికి తగిలితే మరక పడుతుంది. కొత్తగా వచ్చిన పుస్తకాన్ని మిగతావాటితో కలపకుండా విడిగా ఉంచి, కింద సన్నటి పొడి రాలుతోందేమో చూడండి. రాలితే లోపల పురుగుంది. పాలిథీన్ సంచిలో గాలి తీసి మూసి, డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక రోజంతా ఆగి సంచి విప్పాలి, లేకపోతే చెమ్మ పడుతుంది. ఖాతా పుస్తకాలు కుట్టే బైండింగ్ షాపుకి మాత్రం ఇవ్వకండి. వాళ్లు అంచులు కోసి చదును చేస్తారు. కోసిన అంచు మళ్లీ రాదు.

2013లో ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. అందుకే అక్టోబరు వచ్చిందంటే కింది రెండు అరలు ఖాళీ చేసి, పుస్తకాలు గుడ్డలో చుట్టి ఇనప ట్రంకులో పెట్టి మేడ మీది గదిలో, గచ్చుకి తగలకుండా ఇటుకల మీద ఉంచుతాం. తడిస్తే పేజీలు బలవంతంగా విప్పొద్దు. నీరు పీల్చే తెల్లకాగితం మధ్యమధ్యలో పెట్టి, గంటగంటకీ మారుస్తూ నీడలో ఆరనివ్వండి.