కాలువ నీళ్లు వదలకముందే చౌడు సంగతి చూసుకోండి

కర్నూలు–కడప కాలువకు నూటయాభై ఏళ్లు దాటాయి. ఇంతకాలం నీరు పారిన నల్లరేగడిలో చౌడు మచ్చలు, అంటే ఉప్పు పేరి నేల పాడైన చోట్లు, కనిపిస్తే ఎరువు చాలలేదనుకుని మరో బస్తా చల్లకండి. లోపం ఎరువులో కాదు, నీరు బయటికి పోయే దారి లేకపోవడంలో ఉంటుంది.

లీటరుకు 640 మిల్లీగ్రాముల లవణాలున్న నీరు నోటికి అంత ఉప్పగా అనిపించదు. దాన్ని ఎకరానికి అంగుళం మందాన పారిస్తే సుమారు లక్ష లీటర్లు, అంటే 60 కిలోలకు పైగా ఉప్పు పొలంలోకి వచ్చినట్టే. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగులుతుంది. ఏటా ఎన్ని తడులు ఇస్తారో మీరే లెక్కేసుకోండి.

కాబట్టి దుక్కికి ముందే, మే నెలలో, మట్టి పరీక్ష చేయించండి. మచ్చ ఉన్నచోట మట్టిని, బాగున్న చోట మట్టిని కలపకండి. పైపొర, అడుగు లోతు, రెండడుగుల లోతు మట్టిని వేరువేరు సంచుల్లో పెట్టండి. ఎరువుల సంచి మాత్రం వాడొద్దు, ఫలితం తప్పుతుంది. బోరు నీటినీ పరీక్షకు ఇవ్వండి. మట్టి దగ్గరే ఆగిపోకండి.

పైన తెల్లగా ఉప్పు పేరితే అది పాల చౌడు. మంచి నీరు నిలగట్టి, ఉప్పును కిందికి దింపి, మురుగు కాలువలోకి పంపాలి. దానికి జిప్సం వేయడం డబ్బు దండగ. మట్టి ఉదజని సూచిక (pH) 8.5 దాటి, తడిస్తే బంకగా మారి, ఎండితే రాయిలా గట్టిపడి, నీరు ఇంకనివ్వకపోతే కారు చౌడు. జిప్సం పనిచేసేది ఇక్కడే. ఎంత వేయాలో పక్క రైతును కాదు, పరీక్ష ఫలితాన్ని అడగండి. జిప్సంను పైపొరలోనే కలిపి, నీరు నిలిపి, ఆ నీటిని మురుగు కాలువలోకి తీసేయాలి. ఆ తర్వాత పచ్చిరొట్ట పైరైన జీలుగ వేసి, పూత దశలో కలియదున్నండి.

ఏ చౌడైనా మురుగు కాలువ పూడిక తీయకుండా మొదలుపెట్టొద్దు. నీరు పోయే దారి లేకుంటే కడిగిన ఉప్పు ఎండ ముదరగానే మళ్లీ పైకి వస్తుంది.

చీనీ (బత్తాయి) తోటలకు డ్రిప్ ఉన్నవారు ఇంకొకటి గమనించాలి. తడి ఆగే అంచున ఉప్పు వలయంలా పేరుకుంటుంది. తొలకరి చిన్న జల్లు దాన్ని వేళ్ల వైపు నెడుతుంది. వాన పడిందని డ్రిప్ కట్టేయకండి. నేల బాగా తడిసేదాకా నడపండి.

చౌడులో వరి వేస్తే 30 రోజులు దాటిన ముదురు నారు, కుదురుకు నాలుగు మొక్కలు నాటండి. ఆకులపై తుప్పు మచ్చలు వస్తే ముందుగా జింకు లోపాన్ని అనుమానించండి. వేరుశనగను మాత్రం ఆ మడుల్లో పెట్టొద్దు.