బయటి గోడ లైట్లకు తీగ లాగేటప్పుడు
విజయవాడ ఎండలు 45 డిగ్రీలకు చేరే రోజుల్లో, బయటి గోడ మీద అతుకులకు చుట్టిన ఇన్సులేషన్ టేపు జిగురు కరిగి ఊడిపోతుంది. ఆ తరువాత కురిసే తొలకరి వాన నీరు నేరుగా రాగి తీగను చేరుతుంది. అందుచేత పిట్టగోడ వెంట లైట్లు పెట్టించుకునేవారు అతుకులన్నింటినీ దుమ్ము, నీటి జల్లు లోపలికి చొరనివ్వని ఐపీ65 రకం జంక్షన్ బాక్సులోనే వేయించి, తీగ బాక్సు అడుగు నుంచి లోపలికి వెళ్లేలా, అంతకు ముందు చిన్న వంపుగా కిందికి వేలాడేలా చూసుకోవాలి. తీగ వెంట జారే నీటిబొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. మా డాబా మీద, వంపు వదలడం మరచిన ఒకే ఒక్క బాక్సులో ఇత్తడి స్క్రూలకు చిలుము పట్టింది. ఈ లైనుకు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి, ఎందుకంటే తీగల్లో కరెంటు మితిమీరితేనే పడిపోయే ఎంసీబీ స్విచ్ ఒక్కటే మనిషిని షాక్ నుంచి కాపాడలేదు. ఇనుప బాడీ లైట్లయితే ఎర్త్ తీగ కూడా కలపాలి.