మన పత్రిక ముందడుగు గురించి కూర్చునే ముందు

పదిమంది కలిసి నడిపే సాహిత్య వెబ్ పత్రికలో కొత్త శీర్షికలు, ఆడియో కథలు అంటూ మాటలు మొదలుకాకముందే ఇవి చూసుకోండి.

• పాత సంచికల ఫైళ్లు ఎవరి దగ్గరున్నాయో తేల్చుకోండి. అన్నిటికన్నా ముందు ఇదే. ‘అను’ అనే పాత డీటీపీ ఫాంట్లలో కూర్చినవైతే యూనికోడ్‌లోకి (అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే అక్షర పద్ధతిలోకి) మార్చాలి, లేకపోతే కావలసిన మాట వెతికినా దొరకదు. మార్చాక ఒత్తులు, పొల్లులు ఎవరో ఒకరు కూర్చుని సరిచూడాల్సిందే. మేం ఈ పని వాయిదా వేసి రెండేళ్ల కథలు పోగొట్టుకున్నాం. ఆ బాధ ఇంకా తీరలేదు.

• రచయితల అనుమతి నోటిమాటగా వదలొద్దు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతలోనే ఉండాలి. గడువు రాయకపోతే 5 ఏళ్లకే పరిమితమవుతుంది. ఆడియో, అనువాదం విడిగా పేర్కొనండి.

• అచ్చులోకి వెళ్లాలనుకుంటే 2023 నాటి పత్రికల నమోదు చట్టం ముందే చదవండి.

• పాస్‌వర్డ్‌లు కనీసం ఇద్దరి దగ్గరుండాలి.

• అమెరికాలో ఉన్నవాళ్లూ రావాలంటే సమావేశం ఇక్కడ ఆదివారం పొద్దున్నే పెట్టండి, వాళ్లకది శనివారం రాత్రి.

• ఎక్కువ మాట్లాడని ప్రూఫ్‌రీడర్లకు ముందురోజే ఫోన్ చేయండి. కొత్త శీర్షికల బరువు చివరికి పడేది వాళ్లమీదే.